ఎల్లొత్తాను: మా యమభటుల గేమ్‌లో నాలుగో అధ్యాయం

విశాఖలో మేం ముగ్గురం కలిసి ఒక గేమ్ తయారు చేస్తున్నాం. కథా, మాటలూ నావి. ఇంకొకరు కోడ్ రాస్తారు, మరొకరు బొమ్మలు వేస్తారు. ఇది కథతో నడిచే రోల్ ప్లేయింగ్ గేమ్. ఆడేవాళ్ళు కొత్తగా కొలువులో చేరిన యమభటుడిగా ఉంటారు. ఒక్కో అధ్యాయంలో ఒక్కో ప్రాణాన్ని తీసుకెళ్ళాలి. వీటిలో నాలుగోది, చేపల వేటకి వెళ్ళి తిరిగి రాని సరంగు, అంటే బోటు నడిపే మనిషి కథ, మమ్మల్ని ఎనిమిది నెలలు తిప్పలు పెట్టింది. ఎక్కడ తప్పు చేశాం, ఎలా దిద్దుకున్నాం, ఇంకా ఏం కుదరలేదు అన్నది వివరంగా రాస్తున్నాను. తెలుగులో గేమ్ రాయాలనుకునేవాళ్ళకి అక్కరకొస్తుందని నా ఆశ.

ముందుగా మేం పడ్డ మొదటి గొయ్యి గురించి చెప్పాలి. గరుడ పురాణం ప్రేతకల్పం చదివితే గేమ్ చేసేవాళ్ళకి నోరూరుతుంది. భూలోకం నుంచి యమలోకానికి 86,000 యోజనాలు. దారిలో 16 పట్టణాలు, మధ్యలో వైతరణి. జీవుడు రోజుకి 247 యోజనాలు నడుస్తాడని లెక్క కూడా ఉంది. భాగించి చూస్తే 348 రోజులు, అంటే సంవత్సరీకం నాటికి చేరిపోతాడు. మ్యాప్ ఎవరో గీసి మా చేతికిచ్చినట్టే అనిపించింది. 16 పట్టణాలూ కట్టేద్దామని కూర్చున్నాం. నాలుగు నెలలకి ఒక పట్టణం పూర్తయింది, రెండోదానికి గోడలు లేచాయి. ముగ్గురు మనుషులు, ఒక అద్దె గది, పగలు వేరే ఉద్యోగాలు. ఆ లెక్కన మిగతావి కట్టేసరికి మేమే ఆ దారిన నడవాల్సి వస్తుందని ఒప్పుకుని పక్కన పెట్టేశాం. ఆ నాలుగు నెలల పని పోయినందుకు ఇప్పటికీ బాధగా ఉంది. కానీ అదే పుస్తకంలో, ఆ ప్రయాణం మొదలవక ముందు, మాకు కావలసింది దొరికింది.

అది మొదటి పది రోజుల సంగతి. రోజుకో పిండంతో జీవుడికి శరీరం ఏర్పడుతుంది. మొదటి రోజు తల. రెండో రోజు మెడ, భుజాలు. మూడో రోజు గుండె. అలా వీపు, బొడ్డు, నడుము, తొడలు, మోకాళ్ళు, తొమ్మిదో రోజుకి పాదాలు. పదో రోజున ఆకలి, దప్పిక. ఇది చదివి వినిపించగానే మా బొమ్మలావిడ పెన్సిల్ తీసుకుంది. సగం గీసి వదిలేసిన బొగ్గు బొమ్మలా ఉంటుంది మా గేమ్‌లో ప్రాణం. మొదటి రోజు ముఖం మాత్రమే గీతల్లో ఉండి, మిగతాదంతా ఖాళీ కాగితం. రోజు గడిచేకొద్దీ బొమ్మ కిందికి దిగుతుంది. చూస్తే భయం వేయదు, ఎవరో ఇంకా గీస్తూనే ఉన్నట్టు ఉంటుంది. అంతే, గేమ్ మొత్తాన్ని ఆ పది రోజుల్లోకి, ఆ చనిపోయిన మనిషి ఇంట్లోకి కుదించేశాం.

చావు తర్వాతి లోకం మీద మంచి గేమ్‌లు లేకపోలేదు. 1998లో వచ్చిన గ్రిమ్ ఫాండాంగోలో హీరో, చనిపోయినవాళ్ళకి పరలోక ప్రయాణం ఏర్పాటు చేసే ఏజెంటు. మెక్సికోవాళ్ళ మృతుల పండగ చుట్టూ అల్లిన లోకం అది. 2020లో వచ్చిన స్పిరిట్‌ఫేరర్‌లో పడవ నడుపుతూ ఆత్మల్ని సాగనంపుతాం. రెండూ నాకు ప్రాణం. అయితే ఆ రెండు కథలూ పోయినవాళ్ళ చుట్టూ తిరుగుతాయి. మన ఇళ్ళలో పదో రోజు దాకా నడిచేదంతా బతికున్నవాళ్ళ కథ.

దానికి ఆయువుపట్టు కాకి. పిండం పెట్టి ఎదురుచూస్తారు. కాకి ముడితే పోయినవాళ్ళు తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో మిగిలిపోయినట్టు. అప్పుడు ఇంట్లోవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి, పదిమందీ వినేలా మాట ఇస్తారు. మా తాతయ్యకి కాకి గంటన్నర రాలేదు. చెల్లి పెళ్ళి చేస్తామన్నారు, నానమ్మని చూసుకుంటామన్నారు, రాలేదు. చివరికి మా పెదనాన్న, తాతయ్యతో పదేళ్ళు మాట్లాడని మనిషి, చెప్పులు విప్పి దగ్గరికొచ్చి "ఆ గట్టు గొడవ వదిలేస్తున్నాను నాన్నా" అన్నాడు. కాకి వచ్చింది. వెంటనే వచ్చిందని చెప్పను, కాసేపటికి వచ్చింది. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. ఈ గేమ్ రాయడం నేను అప్పుడే మొదలుపెట్టానేమో అనిపిస్తుంది.

అందుకే మా గేమ్‌లో యుద్ధం లేదు. రోల్ ప్లేయింగ్ అంటే కత్తులు, దెబ్బలు ఉండాలి కదా అని చాలామంది అడిగారు. యముడి ముందు నెగ్గినవాళ్ళుగా మనం చెప్పుకునే సావిత్రి, నచికేతుడు ఇద్దరూ నెగ్గింది మాటతోనే. సావిత్రి వెంట నడుస్తూ, మాట్లాడుతూ, ఒక్కో వరం తీసుకుంది. నచికేతుడు మూడు రాత్రులు గుమ్మం దగ్గర వేచి ఉన్నాడు, ఒక్కో రాత్రికి ఒక్కో వరం. ఇక యమభటులు ఓడిపోయి తిరిగొచ్చిన కథ కూడా ఉంది. భాగవతం ఆరో స్కంధంలో అజామిళుడి దగ్గర విష్ణుదూతలు అడ్డుపడితే, వెనక్కి వెళ్ళి యముడితో మొరపెట్టుకుంటారు. కథానాయకుడు ఓడిపోవచ్చు అన్న ధైర్యం నాకు అక్కడే వచ్చింది.

బంగారం, ఆయుధాలు ఉండాల్సిన చోట మేం 'మాట' పెట్టాం. తెలుగులో పలుకూ మాటే, ప్రమాణమూ మాటే. మాట ఇస్తాం, తీసుకుంటాం, తప్పుతాం, జారతాం, నిలబెట్టుకుంటాం. ఇవే మా బటన్లు. యమభటుడి జోలెలో ఏడు మాటలు పడతాయి. ఇంట్లో, వీధిలో విన్న మాటని జోలెలో వేసుకోవచ్చు, ఎవరి కలలోనైనా వదలొచ్చు. పాత్రకి పెరిగే గుణాలు మూడే: వినికిడి, ఓపిక, చనువు.

ఇక నాలుగో అధ్యాయం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. జూన్ 15న ఫిషింగ్ హార్బర్ నుంచి బోట్లు బయల్దేరతాయి. రెండు నెలలు పని లేని ఇళ్ళలో ఆ తెల్లవారుజాము ఎలా ఉంటుందో చూడటానికి నేను హార్బర్‌కి వెళ్ళాను. ఐసు దింపుతున్నారు, డీజిల్ డ్రమ్ములు దొర్లిస్తున్నారు, వంట సరుకులు ఎక్కిస్తున్నారు. మా సరంగు ఆ రోజు వెళ్ళాడు, రాలేదు. ఆరుగురు వెళ్ళిన బోటులో ఐదుగురు వచ్చారు. శవం దొరకలేదు. భార్య విశాఖలో మత్స్యకారులుండే పెద జాలారిపేటలో చేపలు అమ్ముకుంటూ ఉంది, పదేళ్ళ కొడుకు. మనిషి కనిపించకుండా పోతే, ఏడేళ్ళు కబురు లేకపోతే గానీ చనిపోయినట్టు చట్టం అనుకోదు. మరణ ధ్రువపత్రం లేక ఆమెకి బీమా డబ్బు కదలదు. శవం దొరకనప్పుడు దర్భలతోనో, మోదుగ కాడలతోనో బొమ్మ చేసి దహనం చేసే పద్ధతి ఉంది, గరుడ పురాణం లెక్కలో 360 కాడలు. ఈ పద్ధతులు కులాన్ని బట్టి, ఇంటిని బట్టి మారతాయి. మేం ఒక ఇంటి పద్ధతి తీసుకున్నాం, అందరిదీ అదేనని గేమ్‌లో ఎక్కడా అనిపించలేదు.

మొదటి రూపంలో ఆడేవాళ్ళు చేయాల్సిన పని ఒక్కటే: ఆ భార్య కలలోకి వెళ్ళి భర్త మునిగిపోయాడని చూపించడం. ఆ కల మీద చాలా కష్టపడ్డాం. వెన్నెల, నీళ్ళు, నెమ్మదిగా కిందికి జారే వల. ఆమె లేచి ఏడుస్తుంది, కర్మ చేస్తుంది, కాకి వస్తుంది. ఇరవై నిమిషాల్లో అధ్యాయం పూర్తి. ఎంవీపీ కాలనీలో మా గదికి స్నేహితుల్ని పిలిచి ఆడించాం. అందరూ పూర్తి చేశారు. ఒకతను కంట్రోలర్ దింపకుండానే "బాగుంది, నెక్స్ట్ ఏంటి?" అన్నాడు. అతని తప్పేం లేదు. చేయమన్న పని చేశాడు, ఉత్తరం బట్వాడా చేసినట్టు చావు కబురు బట్వాడా చేశాడు. మేం రాసిందే అలా ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ప్రోగ్రామర్ వాళ్ళ మామ్మగారిది జాలారిపేట. ఒక ఆదివారం ఆవిడ గదికి వస్తే కుర్చీ వేసి ఆడమన్నాం. కంట్రోలర్ ఎప్పుడూ పట్టుకోలేదు. మనవడు బటన్లు నొక్కుతుంటే తెర మీది మాటలు పైకి చదువుతూ కూర్చుంది. కల దగ్గరికి రాగానే ఆపమంది. నా వైపు తిరిగి అడిగింది:

"ఆడు సచ్చిపోనాడని ఆ పిల్లకి నువ్వు సెప్పడమేటమ్మా? దానికి తెల్దా? తెలిసే కూకుంది. అది ఒప్పుకున్న రోజు నుంచే పది రోజులు లెక్క."

ఎనిమిది నెలల పనిలో నాకు దొరికిన అతి విలువైన సలహా ఇదే. రెండు సంగతులు ఒకేసారి చెప్పింది ఆవిడ. కబురు చెప్పాల్సిన అవసరమే లేదు, ఇంటి చుట్టూ అందరికీ తెలుసు. రెండోది, ఈ ఇంట్లో గడియారం ఆమె చేతిలో ఉంది. మా చేతిలో లేదు.

కల మొత్తం తీసేశాం. బొమ్మలావిడ ఒక్క మాట కూడా అనకుండా ఆ ఫైళ్ళు వేరే ఫోల్డర్‌లోకి జరిపింది. తర్వాత గడియారం ఆపే పని. ఇది చెప్పినంత తేలిక కాదు. మా గేమ్‌లో వెలుతురు, అలల చప్పుడు, పక్కింటివాళ్ళ రాకపోకలు, ప్రాణం బొమ్మ, అన్నీ రోజు సంఖ్యకే ముడిపడి ఉన్నాయి. ఒప్పుకోక ముందు రోజుల్ని 'రోజు 0' అని పెట్టి నడిపి చూశాం.

గుమ్మంలో సరంగు నిండు మనిషిగా కూర్చుని ఉన్నాడు. గళ్ళ లుంగీ, పాదాలతో సహా.

కారణం చాలా చిన్నది. పది రోజుల బొమ్మలు వరసగా ఒక జాబితాలో ఉంటాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, రోజు సంఖ్యలోంచి ఒకటి తీసేసి బొమ్మని పిలుస్తాం. రోజు 0 అయితే అది మైనస్ ఒకటి. మేం గేమ్ తయారీకి వాడే సాఫ్ట్‌వేర్, గోడో ఇంజిన్ భాషలో మైనస్ ఒకటి అంటే జాబితాలో చివరిది, అంటే పదో రోజు నిండు శరీరం. శుద్ధ తప్పు. ప్రోగ్రామర్ వెంటనే దిద్దబోయాడు. బొమ్మలావిడ అతని చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమె ఏం చూసిందో మాకూ అప్పుడే అర్థమైంది. ఒప్పుకోనంత కాలం ఆ భార్య కళ్ళకి అతను నిండుగానే ఉన్నాడు. ఒప్పుకున్న మరుక్షణం లెక్క ఒకటికి వస్తుంది, గుమ్మంలో మనిషి పోయి ముఖం మాత్రం మిగులుతుంది. అతన్ని పంపాలంటే ముందు అతన్ని పోగొట్టుకోవాలి. నేను పేజీలకి పేజీలు రాసినా చెప్పలేకపోయిన సంగతి ఆ తప్పు చెప్పేసింది. దాన్ని ఉంచేశాం. ఇప్పుడది పొరపాటున జరగదు, కోడ్‌లో దానికి సొంత చోటుంది.

కొత్త రూపంలో ఆడేవాళ్ళకి ఒకే కొత్త బటన్ ఇచ్చాం: 'కూర్చో'. గుమ్మం దగ్గర, పొయ్యి దగ్గర, చేపల గంప పక్కన, రేవులో బోటు నీడలో కూర్చోవచ్చు. కూర్చుంటే మాటలు వస్తాయి. కొడుకు పడుకునే ముందు గోడతో మాట్లాడతాడు. బోటు ఓనరు డబ్బు సంగతి సగం చెప్పి ఆపేస్తాడు. భార్య రాత్రి రెండు కంచాలు పెడుతుంది. చాలినన్ని సార్లు కూర్చుంటే, ఒక రాత్రి ఆమె రెండో కంచం కడిగి బోర్లిస్తుంది. ఏ పాటా లేదు, ఏ మాటా లేదు. తెర మూలన 'మొదటి రోజు' అని పడుతుంది.

ఇక ఆ మాట. సరంగు జూన్ 15 తెల్లవారుజామున గడప దాటుతూ అన్నది "ఎల్లొత్తాను". మన ఇళ్ళలో ఎవరూ వెళ్తానని అనరు కదా, వెళ్ళొస్తాను అనే అంటారు. పోతాను అంటే పెద్దవాళ్ళు కసురుతారు. దానికి జవాబు "వెళ్ళిరా". ఆ రోజు కొత్త వల అప్పు మీద ఇద్దరికీ మాటామాటా వచ్చి ఉంది. ఆమె జవాబివ్వలేదు. అధ్యాయం అంతా ఆ ఇవ్వని జవాబు మీదే నిలబడింది. కాబట్టి "ఎల్లొత్తాను" తెర మీద బరువుగా, అక్షరం తర్వాత అక్షరంగా రావాలని కోరాను. అరసెకనుకి ఒకటి.

వచ్చిన తీరు చూసి గుండె జారింది. "ఎ", తర్వాత "ఎల", తర్వాత "ఎల్", పొల్లు నెత్తిన పెట్టుకుని అలా నిలబడింది. తర్వాత "ఎల్ల", ఆ తర్వాత గానీ "ఎల్లొ" కాలేదు. వేగంగా వచ్చే మాటల్లో ఇది ఎవరి కంటికీ ఆనలేదు. నెమ్మదిగా చూపిస్తే నత్తిలా ఉంది. చనిపోబోయే మనిషి చివరి మాట నత్తిగా వస్తోంది. మన కంటికి ఆ మాట నాలుగు అక్షరాలు: ఎ, ల్లొ, త్తా, ను. కంప్యూటర్ లోపల మాత్రం 11 సంకేతాలు, ఎందుకంటే పొల్లు, ఒత్తుగా మారే హల్లు, గుణింతం అన్నీ వేర్వేరు. కంప్యూటర్లలో అన్ని లిపులకీ ప్రమాణమైన యూనికోడ్ పాత నియమాల ప్రకారం ముక్కలు చేస్తే ఆరు వస్తాయి: ఎ, ల్, లొ, త్, తా, ను. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాల్ని విడగొట్టకూడదని నియమం చేర్చారు, దాని ప్రకారం సరిగ్గా నాలుగే. మా ప్రోగ్రామర్ ఆ నియమాన్నే సొంతంగా ఒక చిన్న ఫంక్షన్‌గా రాశాడు: పొల్లు తర్వాత హల్లు వస్తే అక్కడ కోయకు, మధ్యలో కనిపించని విడదీత గుర్తు ఉంటే కోయి. తెలుగులో గేమ్ చేసేవాళ్ళందరూ మొదటి వారంలోనే ఈ పని చేసుకోవాలని నా మనవి. ఒత్తులు కింది వరస గుడుల్ని తాకకుండా వరసల మధ్య ఖాళీ పెంచడం కూడా అప్పుడే చేసుకోండి.

మాటల యాస గురించి కొంచెం. మొదట్లో నా యమభటులు పద్యనాటకంలోలాగా "ఓరీ మానవా" అని గర్జించేవారు. రెండు రోజుల్లో మానుకున్నాను. ఇప్పుడు వాళ్ళు మామూలు మనుషుల్లా మాట్లాడతారు, ప్రాణాలు ఉత్తరాంధ్ర యాసలో మాట్లాడతాయి. కథ చెప్పే గొంతు పుస్తకాల తెలుగు. యాసని నవ్వు కోసం ఒక్క చోట కూడా వాడలేదు. దాన్ని కాపలా కాయడం నా పనుల్లో ముఖ్యమైనది.

ఇంగ్లీషు అనువాదంలో మాత్రం "ఎల్లొత్తాను" లొంగలేదు. వెళ్ళి వస్తాను అని యథాతథంగా పెడితే వాళ్ళకి వింతగా ఉంటుంది, బయల్దేరుతున్నా అని పెడితే ఆ 'వస్తాను' పోతుంది, కథే పోతుంది. చివరికి తెలుగు మాటనే వాళ్ళ లిపిలో ఉంచేశాం. మొదటి మూడు అధ్యాయాల్లో గడప దాటే ప్రతి మనిషి చేతా ఆ మాట అనిపించి, జవాబు చెప్పించి, నాలుగోదానికి వచ్చేసరికి అర్థం వాళ్ళకే తెలిసేలా చేశాం. ఇది పనిచేస్తోందో లేదో ఇంకా చూడాలి.

పదో రోజు ఒడ్డున జరుగుతుంది. కొడుకు అన్నం ముద్ద పెడతాడు. ఇక్కడ ఆడేవాళ్ళ చేతిలో కూర్చోవడం తప్ప ఏమీ ఉండదు. ఎవరెవరు ముందుకొచ్చి ఏం మాట ఇస్తారన్నది, తొమ్మిది రోజుల్లో మనం ఎవరి దగ్గర కూర్చున్నామో దాన్ని బట్టి ఉంటుంది. ఓనరు, మరిది, చివరికి భార్య. చాలినంత కూర్చోకపోతే కాకి రాదు. మొదట్లో అలాంటప్పుడు 'విఫలం' అని చూపించేవాళ్ళం. అది క్రూరంగా అనిపించి తీసేశాం. ఇప్పుడు ముద్దని నీళ్ళలో కలుపుతారు, కథ సాగుతుంది, ఏడో అధ్యాయంలో ఆమె మళ్ళీ ఒడ్డుకి వస్తుంది.

మార్చాక మళ్ళీ ఆడించాం. ఈసారి గంటకి పైగా పట్టింది. ఇద్దరు మధ్యలో వదిలేశారు, బోర్ కొట్టిందన్నారు. ఆ మాట నేను తీసుకున్నాను. రోజు 0 ఇంకా పొడుగ్గానే ఉంది, రేవు దగ్గరి రెండు సన్నివేశాలు ఒకటి చేయాలి. మిగతావాళ్ళు కంచం బోర్లించిన చోట ఆగారు. ఒకమ్మాయి ఆట ఆపి బాల్కనీలోకి వెళ్ళి వాళ్ళమ్మకి ఫోన్ చేసింది.

మామ్మగారు ఈసారి కంట్రోలర్ తనే పట్టుకుంది. మనవడు నేర్పిన ఒక్క బటన్ చాలు, కూర్చునే బటన్. పదో రోజు దగ్గర తెర మీద "ఎల్లిరా మావా" అని ఒక్కో అక్షరం పడుతుంటే ఆవిడ చదవడం మానేసి చూస్తూ ఉండిపోయింది. కాకి వచ్చేవరకూ నలభై సెకన్లు మేం అలల చప్పుడు తప్ప ఏమీ పెట్టలేదు. మా గదిలో కూడా ఎవరూ కదల్లేదు. కాకి వాలి, ఒక మెతుకు తీసుకుంది.

"తిన్నాడు," అంది మామ్మగారు. కంట్రోలర్ నాకిచ్చి, కొంగుతో చెయ్యి తుడుచుకుని, "మరి ఆ గుంటడి సదువో? ఎవులూ మాటివ్వలేదేటి?" అని అడిగింది.

నిజమే, రాయలేదు. ముగ్గురు ముందుకొచ్చి మాటిస్తారు, అందులో పిల్లాడి చదువు మాట ఒక్కరూ ఎత్తరు. ఈ వారం మరిది మాటలు తిరగరాస్తున్నాను.